గుడ్డ లేని కుట్టు

జాన్‌సైదులు గోనెసంచి మూతి విప్పి
"అక్కా, ఇగ ఇది నీదే" అన్నడు.
మిరియాలగూడ గేటవతల మిల్లుకు తాళమేసిండ్రట.
హమాలోళ్లు తలో దిక్కు వోయిండ్రు,
మిగిలింది ఇదొక్కతే.
ఊక రంగు ఒళ్లు, కొస తెగిన చెవి,
పేరు తౌడు.

సంచిలకెల్లి దుంకి
బీరువ కిందికి వోయింది.
ఇగ అంతే.

మొదటి రోజు పాలు వోసిన.
మీగడ కట్టినయి, చీమలొచ్చినయి.
రెండో రోజు వాడపల్లి ఎండుచేపలు
నిప్పుల మీద కాల్చి, ముళ్లు దీసి, మెత్తగ నలిపి పెట్టిన.
వాసనకు గల్లీల పిల్లులన్ని గోడెక్కినయి,
ఇంట్లదానికే ముక్కు లేనట్టుంది.
ఉడికిన గుడ్డు. పెరుగన్నం.
ఆదివారం యాకూబ్ దుకాణంల పావుకిలో కార్జం,
నా కోసమైతే ఎన్నడు కొననిది.
గిన్నె మార్చిన, జాగ మార్చిన,
తలుపు దగ్గరేసి సందులకెల్లి
ఒంటికన్నుతోని చూసిన.
కింద చీకట్ల రెండు పచ్చ గుండీలు,
కాజాలు లేని గుండీలు.

పక్కింటి మణెమ్మ వచ్చి
"కాళ్లకు నెయ్యి రుద్దు, నాక్కుంటనన్న నోరు తెరుస్తది" అంది.
నెయ్యంత బండలకే అంటింది.
పశువుల డాక్టరు "బర్రెనైతే తోల్కరా, చూస్త" అన్నడు.
భద్రయ్య మామ అయితే
"ఆకలైతే అదే తింటది. మొండిది" అన్నడు.

ఆ మొండిది అన్న మాటే
నాకు నచ్చలే.

నేను మర్రిగూడ దిక్కుదాన్ని.
ఈ ఊరికొచ్చిన కొత్తల
కృష్ణ నీళ్లు గిలాసల వోసిస్తే
చప్పగున్నయని ఉమ్మేసిన.
మా నాయిన నడుమును కొడవలి జేసిన నీళ్లు,
నా పండ్ల మీద పసుపు గీతలు గీసిన నీళ్లు,
ఆ నీళ్ల కోసమే
రాత్రంత నాలుక పీకేది.
ఎవరికి జెప్పుకుంట?
మంచినీళ్లు తాగుమంటే ఏడ్చినదాన్ని
మొండిదనే అన్నరు అందరు.

తౌడొచ్చిన కాడికెల్లి మిషన్ ముట్టలే నేను,
సప్పుడుకు బెదురుతదని.
రేడియో బంద్. కుక్కర్ బంద్,
గంజుల వండుకున్న.
చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన.
ఇల్లెంత సల్లబడ్డదంటే
గోడ గడియారం దగ్గినట్టు వినవడేది.

నాలుగో రాత్రి ఇగ తప్పలే.
తెల్లారితే రేణమ్మ బిడ్డ పెండ్లి,
జాకెటుకు చేతులింక కుట్టలే.
"తౌడూ, ఏమనుకోకే" అని
పెడలు మీద కాలు మోపిన.

టకటకటక
చక్రం తిరిగింది, బల్ల వణికింది,
ఆ వణుకు బండల్లకు పాకింది.
బీరువ కింద ఏదో కదిలింది.
తలెత్తలే నేను.
మొదలు మీసాలు. ఆనక తెగిన చెవి.
కడుపు నేలకాన్చి, ఒక్కొక్క కాలు పెట్టుకుంట
మిషన్ కిందికే వచ్చింది,
నా మడమ పక్కకే.

అప్పుడు సమజైంది.
హల్లరు కింద పుట్టిన పిల్ల అది.
రాత్రి పగలు మోత, అదురు, దుమ్ము.
మోత ఆగిందంటే
ఏదో అయిందనే దాని లెక్క.
నేనేమో నాలుగు రోజులు
ఇల్లంత సప్పుడు తుడిచి తుడిచి
తిను తిను అన్న.

కాలితోనే గిన్నె జరిపిన.
వాసన చూసింది. నాకింది.
చేప ముక్క కొరుకుతుంటె
పండ్ల సప్పుడు మిషన్ సప్పుడుల కలిసింది.

కుట్టుడు అయిపోయింది.
కాలాపితే దాని తల లేస్తున్నది.
దారం తెంపి, జాకెటు తీసి పక్కకు వెట్టి
ఉత్త సూదినే నడిపిన,
గిన్నె అడుగు మెరిసేదాక.

తెల్లారకముందే రేణమ్మ వచ్చి
జాకెటు విప్పి, ఎత్తి పట్టి,
"ఏందే సైదమ్మా, రెండూ ఎడమ చేతులే కుట్టినవ్?" అంది.
"పిల్లి తిన్నది" అన్న,
నవ్వాపుకోలేక.

ఎక్కడ కొరికిందోనని
బల్బు కింద జాకెటును
ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నదామె.